నల్లగొండలో రూమ్, నెలకు ఆరు వేలు: 17వ తారీఖుకే అయిపోతున్నాయి, ఎక్కడ తగ్గించాలి?

బత్తాయితోట
నవంబర్ 3, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నేను నల్లగొండలో బీఎస్సీ సెకండియర్. ఊరు కొండమల్లేపల్లి దగ్గర. ముగ్గురం కలిసి రూమ్ తీసుకున్నాం, వంట మేమే చేసుకుంటాం. నాయిన నెలకు 6,000 పంపుతాడు. ఒకటో తారీఖున పడతాయి, 17, 18 వచ్చేసరికి ఖతం. తర్వాత పన్నెండు రోజులు వాళ్లనీ వీళ్లనీ అడగడమే. పోయిన నెల దోస్తుల దగ్గర 1,800 తీసుకున్నాను, ఇంకా ఇవ్వలేదు.

నాకు తాగుడు లేదు, సిగరెట్ లేదు, బండి లేదు. మరి పైసలు ఎక్కడికి పోతున్నాయని నిన్న కూర్చుని ఫోన్‌పేలో అక్టోబర్ మొత్తం తీసి నోట్‌బుక్‌లో రాశాను. రాయడానికి రెండు గంటలు పట్టింది, అన్నీ పది, ఇరవై, నలభై ఎనిమిది, అరవై, ఇట్లా చిన్న చిన్నవే.

రూమ్ కిరాయి నా వాటా 1,500. కిరాణం, కూరగాయలు, గ్యాస్ కలిపి 2,000. కరెంటు 150. చాయ్, మిర్చి బజ్జీ 960. బయట బిర్యానీ, మండి 780. బర్త్‌డేలకు చందా 600. రీఛార్జ్ 349. సినిమాల యాప్‌లు రెండు, 149 ఒకటి, 99 ఒకటి. ఆన్‌లైన్‌లో షర్ట్ 499. ఊరికి రెండుసార్లు పోయి వచ్చినందుకు బస్సు 440. జిరాక్సులు, రికార్డులు 260. మొత్తం 7,786.

ఈసారి వానలకు పత్తి తడిసింది. నాయిన మొన్న ట్రాలీలో వేసుకుని కొనుగోలు కేంద్రానికి పోతే తేమ 12 శాతం దాటిందని వెనక్కి తెచ్చుకున్నాడు, ఇప్పుడు ఇంటి ముందు పట్టాల మీద ఆరబోశారు. ఇది అమ్మ చెప్తే తెలిసింది. నాయిన నాకు ఒక్క మాట చెప్పలేదు, ఒకటో తారీఖు పొద్దున్నే ఎప్పటిలాగే ఆరు వేలు వేశాడు. అందుకే అడుగుతున్నాను. ఇంకా పంపమని అడగలేను, అప్పు చేయలేను. ఎక్కడ తగ్గించాలో చెప్పండి.


ఎర్రమన్ను_21
నవంబర్ 3, రాత్రి 11:05

తమ్ముడూ, నీ లెక్కలోనే జవాబు ఉంది. చాయ్, బిర్యానీ, బర్త్‌డే, యాప్‌లు, షర్ట్ కలిపితే 3,087 అవుతుంది. అన్నీ బంద్ పెట్టు. ఇందులో ఒక్కటి కూడా లేకపోతే చచ్చేది లేదు. పొద్దున టిఫిన్ కూడా మానేయొచ్చు, పదకొండు గంటలకు ఒకేసారి అన్నం తినేసి కాలేజీకి పో. నేను ఇంజనీరింగ్ రెండేళ్ల నుంచి అట్లాగే చేస్తున్నాను, నెలకు నాలుగు వేలలో బతుకుతున్నాను.


మెట్టుగడ్డ_అక్క
నవంబర్ 3, రాత్రి 11:31

ఎర్రమన్ను తమ్ముడూ, టిఫిన్ మానేయమనే మాట మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకు. నేను మహబూబ్‌నగర్‌లో పీజీ చేసేటప్పుడు సరిగ్గా ఇదే చేశాను. పొద్దున ఏమీ తినకుండా క్లాసుకు పోవడం, మధ్యాహ్నం హాస్టల్ అన్నం, రాత్రి సగం ఆకలితో పడుకోవడం. నెలకు ఏడెనిమిది వందలు మిగులుతున్నాయని సంతోషపడ్డాను. రెండో సెమిస్టర్‌లో మెట్లు ఎక్కుతుంటే కళ్లు తిరిగి రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. పరీక్ష చేయిస్తే రక్తం తక్కువుందన్నారు, హిమోగ్లోబిన్ 8 మాత్రమే ఉంది. మందులకు, టెస్టులకు, ఊరి నుంచి అమ్మ వచ్చి పోయిన ఛార్జీలకు మిగిల్చినదంతా పోయి పైన ఇంకో రెండు వేలు అయింది, ఒక ఇంటర్నల్ కూడా పోయింది. అమ్మ నన్ను తిట్టలేదు, ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

బత్తాయితోట తమ్ముడూ, కడుపు మాడ్చుకుని పైసలు మిగిల్చొద్దు. నీ కిరాణం 2,000 అసలు ఎక్కువ కాదు, దాన్ని ముట్టుకోకు.

ముందు ఈ రాత్రే చేయాల్సింది ఒకటుంది. ఆ రెండు యాప్‌లు నెలనెలా వాటంతట అవే కట్ అవుతున్నాయి కదా, ఫోన్‌పేలో నీ ప్రొఫైల్‌లోకి పోయి ఆటోపే అని ఉంటుంది, అందులో అవి రెండూ కనిపిస్తాయి, అక్కడ రద్దు చెయ్యి. చాలామంది ఫోన్‌లోంచి యాప్ తీసేసి ఇక అయిపోయిందనుకుంటారు. యాప్ తీసేసినా ఆటోపే ఆగదు, పైసలు పోతూనే ఉంటాయి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కట్ అయ్యే 24 గంటల ముందు నీకు మెసేజ్ రావాలి, వస్తుంది కూడా, కానీ ఆ మెసేజ్‌లు మనం చదవం.


లెక్కల_మాస్టారు
నవంబర్ 4, ఉదయం 6:15

బాబూ, నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్తాను. నువ్వు రాసిన లెక్క చదివి చాలా సంతోషం వేసింది. ఎక్కడ పోతున్నాయని అందరూ అడుగుతారు, కూర్చుని రెండు గంటలు రాసేవాళ్లు తక్కువ.

నిన్ను ఒక్కటే అడుగుతాను. చాయ్‌కి 960 అన్నావు. అందులో నువ్వు తాగిన చాయ్ ఎంత? 48, 60 అని రాశావు కదా, అవి ఒక్కడి చాయ్ పైసలు కావు. ఇంకోసారి చూసి చెప్పు.


బత్తాయితోట
నవంబర్ 4, మధ్యాహ్నం 1:20

సార్, మీరు అడిగాక మళ్లీ చూశాను. మా దగ్గర చాయ్ 12 రూపాయలు. 48 అంటే నలుగురికి, 60 అంటే ఐదుగురికి. నేను తాగినవి గుర్తు చేసుకుంటే 40 చాయ్‌లు ఉంటాయి, అంటే 480. మిగతా 480 వేరేవాళ్లవి.

అక్కా, ఆటోపే రెండూ తీసేశాను. 99ది నిన్ననే కట్ అయింది, అది పోయినట్టే. 149ది ఆగింది. నిజం చెప్పాలంటే ఆ 149 యాప్ నేను ఆగస్టు తర్వాత తెరవలేదు.


లెక్కల_మాస్టారు
నవంబర్ 4, సాయంత్రం 7:02

నేను అనుకున్నది అదే. 960లో సగం నీది కాదు. బర్త్‌డే చందా 600 నీది కాదు. మండికి పోయింది నీకు తినాలనిపించా, అందరూ పోతున్నారనా? ఇది ఆలోచించు.

పాతికేళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను. ఇంటి నుంచి తక్కువ పైసలు వచ్చే పిల్లలే స్కానర్ ముందు అందరికంటే ముందు ఫోన్ తీస్తారు. తన దగ్గర లేవని ఎవరికీ తెలియకూడదని. దీన్ని దుబారా అనడానికి నాకు మనసు రాదు, ఇది మొహమాటం. నీ ఖర్చులో కోయాల్సింది చాయ్‌ని కాదు, మొహమాటాన్ని. నీ చాయ్ నువ్వు తాగు, నీ 12 నువ్వు ఇవ్వు. ఎవరైనా నీ మీద అలిగితే ఆ అలక నాలుగు రోజులు ఉంటుంది.

ఇంకొకటి, రాయడం ఆపకు. ఫోన్‌లో ఉంది కదా అని ఊరుకోకు. రోజూ పడుకునే ముందు చేత్తో రాయాలి. స్కాన్ చేసి పంపినప్పుడు పైసలు చేయి దాటినట్టు అనిపించదు, రాసినప్పుడు అనిపిస్తుంది.


కిరాణం_కొట్టు
నవంబర్ 4, రాత్రి 9:48

మాది మిర్యాలగూడ, నాయినది కిరాణం. నేనూ డిగ్రీనే, ఫైనలియర్. కొట్లో కూర్చుంటాను కాబట్టి నాకు తెలిసినవి చెప్తాను.

మొదటిది బియ్యం. మీ ఇంట్లో రేషన్ కార్డు ఉందా, అందులో నీ పేరు ఉందా? 2025 ఉగాది నుంచి కార్డులో ఉన్న మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కదా, మన హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు. నీ వాటా ఆరు కిలోలు ఊర్లో వస్తుంటే నువ్వు ఇక్కడ కిలో యాభై, అరవై పెట్టి ఎందుకు కొంటున్నావు? నెలకు ఒకసారి ఊరికి పోయినప్పుడు సంచిలో తెచ్చుకో. కారం, పసుపు, చింతపండు, తొక్కు కూడా ఇంటి నుంచే తెచ్చుకో, ప్యాకెట్లలో వీటికి పోయేదే ఎక్కువ.

రెండోది, చిన్న ప్యాకెట్లు కొనొద్దు. ఐదు రూపాయల షాంపూ, పది రూపాయల నూనె, ఇరవై రూపాయల సబ్బుపొడి అని రోజూ కొట్టుకు వచ్చే పిల్లలు మా దగ్గర చాలామంది. నెల మొత్తానికి చూస్తే పెద్ద డబ్బా కంటే ఎక్కువ అవుతుంది, పైగా కొట్టుకు వచ్చినప్పుడల్లా చేతికి ఇంకో చిప్స్ ప్యాకెట్ తగులుతుంది. కొట్టోడి కొడుకుగా నేను ఇది చెప్పకూడదు కానీ చెప్తున్నాను.

మూడోది, ఉద్దెర ఖాతా పెట్టొద్దు. ఖాతా ఉంటే ధర అడగరు.

రీఛార్జ్ గురించి కూడా. 28 రోజులది వేస్తే ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయాలి. 365ని 28తో భాగించి చూడు. నేను 84 రోజులది 859 పెట్టి వేస్తాను. నీ 349 మూడుసార్లు అంటే 1,047. రోజుకు ఇచ్చే డేటా రెండింటికీ ఒకటేనా కాదా చూసుకుని వెయ్యి.


బత్తాయితోట
నవంబర్ 4, రాత్రి 10:15

అన్నా, బియ్యం సంగతి నాకు తట్టనే లేదు. కార్డులో నలుగురం ఉన్నాం, నేను కూడా ఉన్నాను. నా వాటా బియ్యం ఇంట్లో తింటున్నారు, నేను ఇక్కడ కొంటున్నాను. అమ్మను అడుగుతాను.

859 ఒకేసారి పెట్టాలంటే ఇప్పుడు నా వల్ల కాదు. తక్కువ పైసలున్నోళ్లకే నెలనెలా ఎక్కువ పడుతుంది, అది బాధగా ఉంది.


సద్దిడబ్బా
నవంబర్ 5, ఉదయం 7:40

నేను నకిరేకల్ నుంచి రోజూ బస్సులో నల్లగొండ వస్తాను. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి, అంటే 2023 డిసెంబర్ నుంచి, మా ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు. దాని వల్లే నేను డిగ్రీలో చేరగలిగాను, లేకపోతే నాన్న ఇంటర్‌తో ఆపేసేవాడు. అబ్బాయిలకు ఆ సౌకర్యం లేదు, మీరు స్టూడెంట్ పాస్ అయినా తీసుకోండి. బత్తాయితోటకు పాస్ పనికిరాదు, రోజూ తిరగడు కదా, కానీ రోజూ వచ్చిపోయే అబ్బాయిలు మా క్లాసులోనే టికెట్ కొని తిరుగుతున్నారు. కాలేజీలో సంతకం, స్టాంపు వేయించుకోవడానికి బద్ధకించి.

జిరాక్సుల గురించి. మా సీనియర్ల రికార్డులు, నోట్సులు ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకుంటాం. మొత్తం యూనిట్ జిరాక్సు తీయించొద్దు, సీనియర్ దగ్గర పుస్తకమే అడుగు, పరీక్షలు అయ్యాక వాళ్లకు దానితో పనేముంటుంది? జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదువుకోవచ్చు, అక్కడ పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా ఉంటారు, చదువుకునే వాతావరణం ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వ టీశాట్ ఛానెల్‌లో, కేంద్ర ప్రభుత్వ స్వయం వెబ్‌సైట్‌లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి, డబ్బులు కట్టే కోచింగ్ యాప్‌లు కొనే ముందు అవి ఒకసారి చూడండి.

ఇంకో మాట, ఇది అమ్మాయిల కోసం. అనవసర ఖర్చు తగ్గించాలనగానే మేము ముందు మా ఒంటికి సంబంధించినవే తగ్గిస్తాం. మా ఫ్రెండ్ ఒకతి హాస్టల్‌లో ఉంటుంది, నెలసరి ప్యాడ్‌లు తక్కువ కొని ఒక్కోటి చాలా గంటలు వాడేది. ఇన్‌ఫెక్షన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. అదే నెల క్లాసులో ఇంకో అమ్మాయి పుట్టినరోజుకు 200 ఇచ్చింది. దయచేసి అట్లా చేయకండి. ప్యాడ్‌లు, పండ్లు, కంటి అద్దాలు అనవసరం కాదు.


మెట్టుగడ్డ_అక్క
నవంబర్ 5, ఉదయం 8:10

చెల్లే, ఇది రాసినందుకు నీకు చేతులెత్తి మొక్కాలి. నేను రాద్దామని కూడా రాయలేకపోయాను.


పాలమూరు_పోరడు
నవంబర్ 5, రాత్రి 11:55

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సి వస్తోంది. బత్తాయితోట తమ్ముడు నా లాగా కాకూడదు.

నాకూ ఇట్లాగే 18వ తారీఖుకు అయిపోయేవి. దోస్తులను అడగడానికి సిగ్గనిపించి ఫోన్‌లో ఒక లోన్ యాప్ వేసుకున్నాను. 3,000 అడిగితే చేతికి వచ్చింది 1,950. మిగతాది ఫీజు అన్నారు. ఏడు రోజుల్లో 3,000 కట్టాలి. కట్టలేక ఇంకో యాప్‌లో తీసుకుని ఇది కట్టాను. అట్లా నాలుగు యాప్‌లు. మూడో నెలలో మా మేనమామకు, మా మేడమ్‌కు, చివరికి మా ఊరి కిరాణం ఆయనకు కూడా నా ఫోటో పెట్టి దొంగ అని మెసేజ్‌లు పోయాయి. నేను తీసుకున్నది మొత్తం కలిపినా పది వేలు కూడా కాదు, అన్న తన బండి అమ్మి 41,000 కట్టాడు. బండి కోసం ఆయన రెండేళ్లు పని చేశాడు.

తర్వాత తెలిసింది, రిజర్వ్ బ్యాంక్ 2022లోనే నిబంధనలు పెట్టింది. అప్పు ఇచ్చే ముందు మిత్తి ఎంత, ఫీజు ఎంత అని ఒక కాగితంలో చూపించాలి, మన కాంటాక్టులు, ఫోటోలు యాప్ తీసుకోకూడదు. కాంటాక్టులు అడిగితేనే అది దొంగ యాప్ అని తెలుసుకోండి. ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. నేను చెప్పడానికి మూడు నెలలు పట్టింది, మొదటి వారమే చెప్తే మూడు వేలతో పోయేది.

పైసలు పెట్టి ఆడే ఆటలు కూడా అంతే. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది, 2025లో దేశమంతా చట్టం వచ్చింది, అయినా వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో లింకులు తిరుగుతూనే ఉన్నాయి. పైసలు లేని రోజుల్లోనే ఆ లింకులు నొక్కాలనిపిస్తుంది.

నీ 1,800 అప్పు యాప్‌లో కాకుండా దోస్తుల దగ్గర ఉండటం మంచిదే తమ్మీ. సిగ్గుపడకు. వాళ్లకు తారీఖు చెప్పి కొంచెం కొంచెం ఇచ్చెయ్యి.


ఎర్రమన్ను_21
నవంబర్ 6, అర్ధరాత్రి 12:30

పోరడన్నా, నీ పోస్ట్ చదివి నిద్ర పట్టట్లేదు.

నేను టిఫిన్ మానేయమన్నందుకు అక్క కోప్పడింది, సరే. కానీ నాకెందుకు అట్లా వచ్చిందో చెప్తాను. మాది కోస్గి వైపు. అమ్మానాయిన పూణెలో బిల్డింగ్ పనికి పోతారు, దసరాకు వస్తారు, మళ్లీ పోతారు. చిన్నప్పుడు నన్ను కూడా తీసుకుపోయారు, రేకుల షెడ్డులో ఉండేవాళ్లం, అమ్మ తట్ట మోసి వచ్చి రాత్రి చేతులకు నూనె రాసుకునేది. ఇప్పుడు నేను బయట ఇడ్లీ తిని నలభై ఇస్తుంటే ఆ తట్టలే కళ్ల ముందు కనిపిస్తాయి. అందుకే ఏదీ తినబుద్ధి కాదు. పిసినారితనం కాదు అది.


లెక్కల_మాస్టారు
నవంబర్ 6, ఉదయం 5:50

నాయనా, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మా ఇల్లూ వలస ఇల్లే. మా నాన్న బొంబాయిలో పని చేసి నన్ను చదివించాడు. సెలవులకు వచ్చినప్పుడు ఆయన ముందు చూసేది నా చదువు కాదు, నా చెంపలు. బక్కగా ఉంటే ఆ రోజు అన్నం తినేవాడు కాదు. నీ తల్లి తట్ట మోసేది నువ్వు పస్తు ఉండటానికి కాదు. ఆ నలభై ఇడ్లీకి ఇవ్వకు, సరే, రూమ్‌లో ఉప్మా చేసుకో, గుడ్డు ఉడకబెట్టుకో, పది రూపాయల్లో అయిపోతుంది. కానీ పొద్దున తిను. ఇది నా మాటగా కాదు, మీ నాయిన మాటగా అనుకో.


ఎర్రమన్ను_21
నవంబర్ 6, ఉదయం 9:14

సరే సార్. గుడ్లు తెస్తాను.


సద్దిడబ్బా
నవంబర్ 6, సాయంత్రం 5:25

బర్త్‌డేల సంగతి ఎవరూ వివరంగా మాట్లాడలేదు. అసలు గొడవ అక్కడే ఉంది. ఇప్పుడు ఒక్కో బర్త్‌డేకు కేక్, నురుగు స్ప్రే, పటాకులు, కొందరైతే సెంటర్‌లో ఫ్లెక్సీ కూడా. కేక్ సగం మొహానికి పూయడానికే పోతుంది. మా క్లాసులో 42 మంది, తలా యాభై ఇచ్చినా ఏడాదికి రెండు వేలు దాటుతుంది. ఒక్కరు ఇవ్వనంటే పక్కకు పెడతారని భయం.

మా అమ్మాయిలం ఏం చేశామంటే నెలకు ఒక రోజు పెట్టుకున్నాం. ఆ నెలలో పుట్టినవాళ్లందరికీ కలిపి ఒకటే కేక్, తలా ఇరవై. ఎవరి ఇంటి నుంచైనా సకినాలో గారెలో వస్తే ఆ రోజు కేక్ కూడా ఉండదు. మొదట ఇద్దరు ముగ్గురు మూతి ముడుచుకున్నారు. ఇప్పుడు అందరికీ అలవాటైంది, ఎందుకంటే అందరికీ అదే టెన్షన్ ఉంది, ఎవరూ పైకి అనలేదు అంతే.


మెట్టుగడ్డ_అక్క
నవంబర్ 6, రాత్రి 9:00

బాగుంది చెల్లే. బత్తాయితోట తమ్ముడూ, నువ్వు ఒక్కడివే ఇవ్వనంటే అది గొడవ అవుతుంది, నెలకు ఒకటి చేద్దామంటే అది ప్లాన్ అవుతుంది. రూమ్‌లో ఇద్దరికీ ముందు చెప్పు, వాళ్లు ఒప్పుకుంటే క్లాసులో చెప్పడం తేలిక. చాయ్ మాత్రం మానకు. సాయంత్రం దోస్తులతో నిలబడి తాగే చాయ్ లేకపోతే రూమ్‌లో ఒంటరిగా ఫోన్ పట్టుకుని పడుకుంటావు, అది ఇంకా చెడ్డది. రెండుకు బదులు ఒకటి తాగు.

స్కాలర్‌షిప్ వస్తుంది కదా అని ఎదురుచూసి ఖర్చు పెట్టొద్దు. వచ్చినప్పుడు వస్తుంది. వచ్చిన రోజు ముందు అప్పు తీర్చు, మిగిలినది పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ వెయ్యి, నెలకు 100 నుంచి మొదలుపెట్టొచ్చు. ఐదేళ్లది అది, కాబట్టి నెలనెలా కట్టగలిగినంతే పెట్టుకో.


బత్తాయితోట
డిసెంబర్ 2, రాత్రి 10:05

అందరికీ మళ్లీ నమస్తే. నెల అయింది, లెక్క చెప్పాలి కదా, అందుకే వచ్చాను. మాస్టారు చెప్పినట్టు రోజూ రాశాను, మూడు రోజులు మర్చిపోయాను, అవి ఫోన్‌లో చూసి మళ్లీ రాశాను.

కిరాయి 1,500. కిరాణం, కూరగాయలు, గ్యాస్ 1,620, ఊర్లో నుంచి బియ్యం, కారం తెచ్చుకున్నందుకు తగ్గింది. కరెంటు 150. చాయ్ 410. బయట బిర్యానీ తినలేదు, రెండు ఆదివారాలు చికెన్ తెచ్చి రూమ్‌లోనే వండుకున్నాం, నా వాటా 170. బర్త్‌డేలు 150. రీఛార్జ్ 349. కట్ అయిపోయిన ఆ యాప్ 99. ఊరికి ఒక్కసారే పోయాను, 220. పరీక్షలు దగ్గరికి రావడంతో జిరాక్సులు, రికార్డులు పెరిగి 340 అయ్యాయి. మధ్యలో చెప్పు తెగితే కొత్తవి 250. మొత్తం 5,258. 742 మిగిలితే 700 అప్పు తీర్చాను. ఇంకా 1,100 ఉంది, ఎవరికి ఎప్పుడు ఇస్తానో తారీఖు చెప్పాను.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. చాయ్ దగ్గర మొదటి రోజు నా 12 మాత్రమే కొట్టాను. ఐదుగురం ఉన్నాం. ఎప్పుడూ నేనే కొట్టేవాడిని కాబట్టి అందరూ ఫోన్లు జేబుల్లోనే పెట్టుకుని నిలబడ్డారు. నేను "నాది కొట్టిన" అన్నాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. నా చెవులు వేడెక్కాయి. తర్వాత ఒకడు అందరివీ కొట్టాడు కానీ మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకడైతే ఇప్పుడు మాతో చాయ్‌కి రావడమే మానేశాడు, వాడు ఎప్పుడూ ఒక్కసారి కూడా కొట్టేవాడు కాదని అప్పుడు గుర్తొచ్చింది. మిగతా నలుగురం ఎవరిది వాళ్లం కొట్టుకుంటున్నాం.

రూమ్‌లో మాత్రం వేరేలా జరిగింది. లెక్క రాసిన నోట్‌బుక్ మంచం మీద వదిలేసి స్నానానికి పోయాను. వచ్చేసరికి రూమ్మేట్ అది చదువుతున్నాడు. కోపం వచ్చింది. వాడు ఏమీ అనకుండా తన ఫోన్ నాకు ఇచ్చి "నాది కూడా రాయి" అన్నాడు. వాడి ఆటోపేలు నాలుగు ఉన్నాయి. వాడి నాయిన ఆటో నడుపుతాడు.

పత్తి సంగతి నాకు తెలుసని నాయినకు చెప్పేశాను. ఈ నెల 5,500 చాలు అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తింటున్నావా బిడ్డా" అన్నాడు. తింటున్నాను అని చెప్పాను. అయినా ఆరు వేలే వేశాడు.


లెక్కల_మాస్టారు
డిసెంబర్ 3, ఉదయం 6:00

నీ లెక్క కూడి చూశాను, సరిగ్గా ఉంది. చెప్పులు 250 పెట్టి మంచివే కొన్నావు కదా? చవకవి కొంటే రెండు నెలల్లో మళ్లీ తెగుతాయి.

ఆయన వేసిన ఆ ఐదు వందలు విడిగా పెట్టు. మార్చిలో పరీక్ష ఫీజు అని ఏదో ఒకటి వస్తుంది, అప్పుడు ఇంటికి ఫోన్ చేయకుండా కట్టేయి.


కిరాణం_కొట్టు
డిసెంబర్ 3, ఉదయం 9:20

సూపర్ తమ్మీ. 340 జిరాక్సులకు సద్దిడబ్బా చెల్లె చెప్పినట్టు సీనియర్లను అడిగావా?


బత్తాయితోట
డిసెంబర్ 3, మధ్యాహ్నం 2:35

అడిగాను అన్నా, కెమిస్ట్రీ రికార్డు దొరికింది, బాటనీది దొరకలేదు. చెప్పులు మంచివే సార్, తోలువి. ఐదు వందలు నోట్‌బుక్‌లో వేరే పేజీ పెట్టి రాశాను.

మెట్టుగడ్డ అక్కా, ఒక డౌట్. మా రూమ్మేట్ నాలుగు ఆటోపేలలో మూడు ఆగాయి, ఒకటి మాత్రం ఫోన్‌పేలో కనిపించట్లేదు, కానీ ప్రతి నెలా 9వ తారీఖున 59 పోతోంది. ఆరు రోజులే ఉంది.


మెట్టుగడ్డ_అక్క
డిసెంబర్ 3, సాయంత్రం 6:48

వేరే యూపీఐ యాప్‌లో పెట్టి ఉంటాడు, లేకపోతే డెబిట్ కార్డు మీద ఉంటుంది. గూగుల్ పే ఉంటే అందులో చూడమను, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్‌లలో కూడా చూడమను. ఎక్కడా లేకపోతే బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ 59 పక్కన ఏం పేరు ఉందో చూసి ఇక్కడ రాయండి, అకౌంట్ నంబర్ మాత్రం పెట్టకండి.


బత్తాయితోట
డిసెంబర్ 3, రాత్రి 8:10

ప్లే స్టోర్‌లో దొరికింది అక్కా. ఇంటర్‌లో ఉన్నప్పుడు పెట్టుకున్న రింగ్‌టోన్ల యాప్ అది. తీసేశాడు.